రెండు తులాల ఎలక్ట్రాన్లు

బంగారం కొట్లో తులం అంటే ఇప్పుడు పది గ్రాములు. 70 కిలోల మనిషి ఒంట్లో ఉన్న ఎలక్ట్రాన్లన్నిటినీ ఒక్కటి కూడా వదలకుండా ఏరి, ఆ కొట్లో కాటా మీద పోస్తే ఎంత తూగుతాయో తెలుసా? రెండు తులాలు. కాస్త అటూ ఇటూగా 20 గ్రాములు. అదే ఒంట్లో సరిగ్గా అన్నే ప్రోటాన్లు ఉంటాయి. అవి మాత్రం 38 కిలోల పైమాటే. మిగతా బరువంతా న్యూట్రాన్లది.

తక్కెడలో ఒకవైపు ఒక్క ప్రోటాన్‌ను పెడితే రెండోవైపు 1,836 ఎలక్ట్రాన్లు వెయ్యాలి. బళ్లో ఈ అంకెను బట్టీ పట్టించి, పరీక్షలో ఒక మార్కు ఇచ్చి వదిలేస్తారు. నిజానికి ఇది ఊరుకునే అంకె కాదు. వంటింట్లోనూ, ఆసుపత్రిలోనూ, పాత టీవీలోనూ దూరి ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది.

నామకరణం ముందు, పుట్టుక తరవాత

ఎలక్ట్రాన్ దొరకడానికి ఆరేళ్ల ముందే దానికి పేరు పెట్టేశారు. విద్యుత్తుకు ఇంతకంటే చిన్నది లేదనదగ్గ మోతాదు ఒకటి ఉండి తీరాలని నమ్మిన ఐర్లండ్ శాస్త్రవేత్త జార్జ్ జాన్‌స్టన్ స్టోనీ 1891లో ఆ పేరు పెట్టాడు. గ్రీకులో ఎలక్ట్రాన్ అంటే అంబర్, రాయిలా గట్టిపడిన చెట్టు జిగురు. ఉన్నిగుడ్డతో రుద్దితే అది ఈకల్నీ పొట్టునీ లాక్కుంటుందని పాత గ్రీకులకు తెలుసు. అసలు కణం 1897లో కేంబ్రిడ్జిలో జె.జె. థామ్సన్‌కు చిక్కింది. ఆయన మాత్రం దాన్ని ‘కార్పసుల్’ అన్నాడు. ఆ పేరు ఎవరి నోటా నిలవలేదు.

థామ్సన్ బుర్ర ఎంత చురుకో చేతులు అంత మొరటు. గాజు గొట్టాలన్నీ ఊది బిగించింది ఆయన సహాయకుడు ఎబెనీజర్ ఎవరెట్. గురువుగారి చెయ్యి వాటి మీద పడకుండా కాపాడుకోవడం కూడా ఎవరెట్ పనుల్లో ఒకటని చెప్పుకునేవారు.

థామ్సన్‌కు 1906లో నోబెల్ వచ్చింది. ఎలక్ట్రాన్ కణమని చూపించిన మనిషి ఆయన. 1937లో ఆయన కొడుకు జి.పి. థామ్సన్‌కూ నోబెల్ వచ్చింది, ఎలక్ట్రాన్ అలలా కూడా ప్రవర్తిస్తుందని చూపించినందుకు. తండ్రి కణమన్నాడు, కొడుకు అల అన్నాడు, ఇద్దరి మాటా నెగ్గింది. తండ్రీకొడుకుల వాదన ఇంత మర్యాదగా తెగడం మన ఇళ్లలో నేనైతే చూడలేదు.

ప్రోటాన్ పేరు 1920 నాటిది, పెట్టినవాడు రూథర్‌ఫర్డ్. గ్రీకులో ‘ప్రోటోస్’ అంటే మొదటిది.

ఆవగింజ, చార్మినార్

హైడ్రోజన్ పరమాణువులో ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. ఆ ప్రోటాన్‌ను ఆవగింజంత చేసి నేల మీద పెట్టామనుకోండి. ఎలక్ట్రాన్ ఎక్కడుంటుంది? చార్మినార్ మినార్ల కొస ఎంత ఎత్తులో ఉంటుందో దాదాపు అంత దూరంలో. మధ్యలో ఏమీ లేదు. అయినా మనం గోడలోంచి అవతలికి నడిచి వెళ్లలేకపోతున్నాం. అడ్డుపడేది పదార్థం నిండుగా ఉండడం కాదు, ఆ రెండు తులాల ఎలక్ట్రాన్లు. ఒకదాని చోటులోకి ఇంకోదాన్ని అవి రానివ్వవు. ముట్టుకున్నా, గిల్లినా, కొట్టినా తగిలేది ఎలక్ట్రాన్లకే. ఒంటి బరువులో సగం పైగా మోస్తున్న ప్రోటాన్‌కు మన చెయ్యి ఏనాడూ తగల్లేదు.

చిల్లర కలిపితే సరిగ్గా రూపాయి

బరువులో 1,836 రెట్ల తేడా ఉన్న ఈ జంటకు విద్యుదావేశంలో మాత్రం పిసరంత తేడా లేదు. ఒకటి ధనం, ఒకటి రుణం, అంతే. పరిమాణం ఎంత సమానమంటే 1 పక్కన 21 సున్నాలు పెట్టి, అన్ని వంతుల్లో ఒక వంతు తేడా ఉందేమోనని వెతికినా కనబడలేదు.

ఇది మామూలు విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఎలక్ట్రాన్, ఇప్పటిదాకా తెలిసినంతలో, ముక్కలు లేని కణం. ప్రోటాన్ అలా కాదు, దాని లోపల మూడు క్వార్కులున్నాయి. రెండింటికి మూడింట రెండు వంతుల చొప్పున ధనావేశం, మూడోదానికి మూడింట ఒక వంతు రుణావేశం. కూడి తీసేస్తే సరిగ్గా ఒకటి. ఒకరి జేబులో చెక్కుచెదరని రూపాయి బిళ్ల, ఇంకొకరి జేబులో చిల్లర, పైగా అందులో కొంత అప్పు. అయినా ఇద్దరి లెక్కా పైసా తేడా లేకుండా సరిపోయింది. ఎందుకు సరిపోయిందో గట్టిగా చెప్పగలిగిన వాళ్లు ఇంకా లేరు.

సరిపోకపోతే? చేతికందే దూరంలో ఇద్దరు మనుషులు నిలబడ్డారనుకోండి. ఇద్దరిలోనూ ప్రోటాన్ల కంటే ఎలక్ట్రాన్లు నూటికి ఒకటి ఎక్కువుంటే, వాళ్లను ఒకరి నుంచి ఒకరిని తోసేసే బలం భూగోళమంత బరువును ఎత్తడానికి చాలుతుంది. ఈ లెక్క 1960ల మొదట్లో రిచర్డ్ ఫైన్‌మన్ తన విద్యార్థులకు చెప్పింది. బస్సులో పక్క సీటాయనతో భుజాలు రాసుకుంటూ ఇంటికి చేరుతున్నామంటే ఆ జమాఖర్చు సరిపోయిన పుణ్యమే.

కరెంటు బిల్లు దేనికి కడుతున్నాం?

స్విచ్ వేయగానే ఎలక్ట్రాన్లు సబ్‌స్టేషన్ నుంచి మన ఫ్యాను దాకా పరుగెత్తుకొస్తాయని చాలామంది అనుకుంటారు. రాగి తీగలో ఎలక్ట్రాన్ల జాతర నడక నత్తకే నవ్వు తెప్పిస్తుంది. ఒక చదరపు మిల్లీమీటరు తీగలో 10 ఆంపియర్ల కరెంటు పారుతున్నప్పుడు కూడా అవి ముందుకు జరిగేది సెకనుకు మిల్లీమీటరు లోపే. ఫ్యాను తీసుకునేది ఆంపియరులో మూడో వంతు. అందులోనూ మన ఇళ్లకు వచ్చేది సెకనుకు 50 సార్లు ఇటూ అటూ తిరిగే కరెంటు. అంటే ఫ్యాను తీగలోని ఎలక్ట్రాన్ ఉన్నచోటే ఊగుతుంది, ఆ ఊపు వెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. వేగంగా వచ్చేది తీగ వెంబడి పాకే విద్యుత్ క్షేత్రం. కరెంటాఫీసు వాళ్లు మనకు ఒక్క ఎలక్ట్రాన్ కూడా అమ్మలేదు. తీగ కొన్నరోజే అవన్నీ మన సొంతమయ్యాయి. వాటిని ఊపినందుకే బిల్లు.

మరి ప్రోటాన్లు? తీగలో అవీ అన్నే ఉన్నాయి, కానీ కేంద్రకంలో కూర్చుని రాగి కడ్డీ ఆకారాన్ని కాపాడుతుంటాయి. కదిలేది తేలికది, కాపురం చేసేది బరువైనది.

దిశ విషయంలో ఇంకో తమాషా ఉంది. ధనం, రుణం అన్న పేర్లు పెట్టింది 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఏది ఎటు పారుతుందో తేల్చడానికి అప్పట్లో దారి లేదు, ఏదో ఒకవైపు అనుకున్నాడు. తీరా ఎలక్ట్రాన్ దొరికాక చూస్తే లెక్క తిరగబడింది. పుస్తకాల్లో కరెంటు బాణం గుర్తు ఒకవైపు, తీగలో ఎలక్ట్రాన్లు ఇంకోవైపు. అప్పటికే ఆలస్యమైంది కాబట్టి ప్రపంచమంతా ఆ తప్పుతోనే సర్దుకుపోయింది. పిల్లలు మాత్రం ఇంకా తికమకపడుతున్నారు.

పాత టీవీ మీద ఇంద్రధనుస్సు

వెనకవైపుకు పొడుచుకొచ్చిన పాత డబ్బా టీవీ గుర్తుందా? ఆ పొడుగాటి మెడలో ఉండేది ఎలక్ట్రాన్ తుపాకి. పాతిక వేల వోల్టుల దాకా పెట్టి వదిలితే ఎలక్ట్రాన్లు సెకనుకు సుమారు 90,000 కిలోమీటర్ల వేగంతో తెర మీదికి దూకేవి. కాంతి వేగంలో దాదాపు మూడో వంతు. రోజూ సాయంత్రం ఆ వేగానికి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాం. అదే వోల్టేజితో ప్రోటాన్లను వదిలితే 2,200 కిలోమీటర్లు మాత్రమే వస్తుంది. బరువు 1,836 రెట్లయితే వేగం దాని వర్గమూలమంత, అంటే 43 వంతుల మేర, తగ్గుతుంది. ఎక్కువ వేగాల దగ్గర లెక్క కాస్త మారుతుంది.

చెడిపోయిన స్పీకరులోంచి పీకిన అయస్కాంతాన్ని తెర దగ్గర పెట్టి చూశాను చిన్నప్పుడు. వార్తలు చదివే ఆవిడ ముఖం ఆకుపచ్చా ఊదా కలిసిన మచ్చగా వంగిపోయింది. తేలికైన ఎలక్ట్రాన్లు అయస్కాంతానికి ఎంత సులువుగా లొంగుతాయో చెప్పే ప్రయోగం అదని ఇప్పుడు తెలుసు. మచ్చ అలాగే ఉండిపోయింది. వీపు మీద కూడా, రెండ్రోజులు.

బంగారం పచ్చగా ఎందుకుంది?

తులాల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పుకోవాలి. లోహాలు చాలావరకు తెల్లగా, వెండిలా మెరుస్తాయి. బంగారం ఎందుకు పసుపుపచ్చన? బంగారం కేంద్రకంలో 79 ప్రోటాన్లున్నాయి. అంత ధనావేశం లాగుతుంటే దగ్గరగా తిరిగే ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో సగానికి పైగా వేగం అందుకుంటాయి. అంత వేగంలో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం వచ్చి కూర్చుంటుంది, కక్ష్యలు లోపలికి కుంచించుకుపోతాయి, పై ఎలక్ట్రాన్ల శక్తి స్థాయిలూ జరుగుతాయి. దాంతో బంగారం నీలి కాంతిని మింగేసి మిగతాది మన కంటికి పంపుతుంది. ఆ లెక్క లేకపోతే బంగారం కూడా వెండి రంగులోనే ఉండేది. పుస్తెలతాడు రంగుకు సాపేక్ష సిద్ధాంతం కారణమంటే షరాబు నమ్మకపోవచ్చు.

పులుపంటే ప్రోటాన్

ఇక్కడిదాకా ప్రోటాన్ కదలని పెద్దమనిషిలా కనిపించింది. అది పూర్తి నిజం కాదు. హైడ్రోజన్‌కున్నది ఒకే ఎలక్ట్రాన్, అది కాస్తా జారిపోతే మిగిలేది ఉత్త ప్రోటానే. ఆమ్లాలు చేసే పని ఇదే, నీళ్లలోకి ప్రోటాన్లను వదలడం. చింతపండులోని టార్టారిక్ ఆమ్లమైనా, నిమ్మకాయలోని సిట్రిక్ ఆమ్లమైనా అంతే. నాలుక మీది కణాల్లోకి ఈ ప్రోటాన్లు దూరడానికి ప్రత్యేకంగా ఒక సందు ఉంది. ఆ సందును కట్టే ప్రోటీన్ పేరు ఒటాప్ 1. అది ప్రోటాన్లకు దారి అని 2018లో, పులుపును కనిపెట్టేది అదేనని మరుసటి ఏడాది తేలింది. తీపి, చేదు లాంటి రుచులకు చాలావరకు పెద్ద పెద్ద అణువులు కావాలి. పులిహోర ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడు మాత్రం మనం పరమాణు కేంద్రకాలనే నేరుగా రుచి చూస్తున్నాం.

నీళ్లలో ప్రోటాన్ ఒంటరిగా ఉండదు, దగ్గరున్న నీటి అణువుకు అతుక్కుంటుంది. అయినా నీటిలో మిగతా అయాన్లన్నిటికంటే వేగంగా అదే ప్రయాణిస్తుంది. ఎలాగంటే, స్లాబు వేసేటప్పుడు కూలీలు వరసగా నిలబడి తట్టలు అందించుకోవడం చూశారుగా, అలా. ఒక నీటి అణువు తనకు అతుక్కున్న ప్రోటాన్‌ను ఉంచుకుని తన పాతదాన్ని పక్కదానికి ఇస్తుంది. అది తన దాన్ని ఆ పక్కదానికి. ఇవతల ఎక్కిన ప్రోటాన్ వేరు, అవతల దిగిన ప్రోటాన్ వేరు. ఈ అందించుకునే ఊహను గ్రోథస్ అనే ఆయన 1806లోనే చెప్పాడు, ప్రోటాన్ అనే మాట పుట్టడానికి వందేళ్లకు పైగా ముందు.

పరగడుపున వేసుకునే గ్యాస్ బిళ్ల

మన ఇళ్లలో బీరువా తాళాలతో సమానంగా అందుబాటులో ఉండే వస్తువు గ్యాస్ బిళ్ల. అట్ట మీద చిన్నక్షరాల్లో పాంటోప్రజోల్ అనో ఒమెప్రజోల్ అనో ఉంటుంది. అది అడ్డుకునేది దేన్నో తెలుసా? ప్రోటాన్ పంపును. పొట్ట గోడలోని కణాలు ప్రోటాన్లను లోపలికి తోడిపోస్తుంటాయి. రక్తంలో ఉన్నదానికి దాదాపు పది లక్షల రెట్ల గాఢత అక్కడ తయారవుతుంది. బిళ్ల వెళ్లి ఆ పంపులకు అతుక్కుని మళ్లీ వదలదు. కొత్త పంపులు తయారైతే తప్ప తోడకం మొదలుకాదు. పంపు పని చేస్తున్నప్పుడే మందు దాన్ని పట్టుకోగలదు కాబట్టి తినడానికి ముందు వేసుకోమంటారు. భోజనమయ్యాక గుర్తొచ్చి వేసుకునేవాళ్లు గమనించగలరు.

పొట్టలోనే కాదు, దాదాపు ప్రతి కణంలోనూ ఈ తోడకం ఉంది. తిన్న అన్నంలోంచి తీసిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా పొరలో ఒక్కో మెట్టూ దిగుతూ చివరికి ఆక్సిజన్ చేతిలో పడతాయి. మనం ఊపిరి పీల్చేది ఆ చివరి మెట్టు కోసమే. దిగుతూ దిగుతూ అవి ఇచ్చిన శక్తితో ప్రోటాన్లు పొరకు అవతలికి ఎక్కుతాయి. డ్యాములో నీళ్లు నిండినట్టు నిండి, తిరిగి కిందికి దూకుతూ ఒక బుల్లి చక్రాన్ని తిప్పుతాయి. ఆ చక్రం తిరిగితే ఒంటికి కావలసిన శక్తిని మోసే ఏటీపీ తయారవుతుంది. ఇలా జరుగుతుందని 1961లో పీటర్ మిచెల్ అన్నప్పుడు చాలామంది ఒప్పుకోలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు. ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి వెలికితీసింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడు విడిగా కనిపెట్టాడు. సుబ్బారావుకు నోబెల్ రాలేదు.

ఎంఆర్‌ఐ సొరంగంలో

ఫ్రిజ్ తలుపుకు అంటుకునే బొమ్మ అయస్కాంతం ఎలక్ట్రాన్లది. ఎంఆర్‌ఐలో పడే మన ఫొటో మాత్రం ప్రోటాన్లది. ప్రతి ప్రోటానూ ఒక అతి చిన్న అయస్కాంతం. ఆ యంత్రం ఒంట్లోని నీటిలో, కొవ్వులో ఉన్న హైడ్రోజన్ ప్రోటాన్లను ఒక వరసలో నిలబెట్టి, రేడియో తరంగంతో తట్టి, అవి తిరిగి చేసే సవ్వడి వింటుంది. 1.5 టెస్లా యంత్రంలో ఆ తరంగం 64 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, మన ఎఫ్ఎం స్టేషన్లకు కాస్త కింద. అంత పెద్ద అయస్కాంతం పెట్టినా, బొమ్మకు పనికొచ్చేలా ఒకవైపు మొగ్గే ప్రోటాన్లు పది లక్షలకు అయిదు. ఒంట్లో నీళ్లు పుష్కలం కాబట్టి ఆ అయిదే చాలు.

ఎలక్ట్రాన్ అయస్కాంతత్వం ప్రోటాన్ కంటే 658 రెట్లు బలమైనది. అసలు 1,836 రెట్లుండాలి, ఎందుకంటే బరువు తగ్గేకొద్దీ ఈ బలం పెరగాలి. మరి ఎందుకు లేదు? 1933లో ఒటో స్టెర్న్ ప్రోటాన్ అయస్కాంతత్వాన్ని కొలుస్తానంటే, జవాబు తెలిసిన లెక్కకు శ్రమెందుకని సిద్ధాంతాలు రాసేవాళ్లు నిరుత్సాహపరిచారు. ఆయన మొండిగా కొలిచాడు. ఊహించినదానికి సుమారు రెండున్నర రెట్లు వచ్చింది. ప్రోటాన్ ఎలక్ట్రాన్‌లా ముక్కలు లేని కణం కాదు, కడుపులో ఏదో ఉందన్న మొదటి అనుమానం అక్కడే పుట్టింది. క్వార్కుల మాట మరో ముప్ఫై ఏళ్లకు గానీ రాలేదు.

ఆ క్వార్కుల బరువులు కూడితే ప్రోటాన్ బరువులో నూటికి ఒక వంతే. మిగతా 99 వంతులూ వాటిని కట్టిపడేసిన శక్తి. బరువు తగ్గాలని పార్కులో చుట్లు తిరిగేవాళ్లకు ఇది చెబితే ఎలా తీసుకుంటారో!

డిరాక్ తడబాటు

భౌతిక శాస్త్రవేత్త పాల్ డిరాక్ రాసిన సమీకరణం ఎలక్ట్రాన్‌కు ధనావేశపు జోడు ఒకటి ఉండాలంది. అప్పటికి తెలిసిన ధనకణం ప్రోటాన్ ఒక్కటే. కాబట్టి అదే ఇదని 1930లో రాసేశాడు. అలాగైతే ఏ పరమాణువైనా పుట్టిన క్షణంలోనే మాయమైపోవాలి కదా అని ఓపెన్‌హైమర్ పట్టుకున్నాడు. 1,836 రెట్ల బరువు తేడాకూ సమాధానం లేదు. మరుసటి ఏడాది డిరాక్ మాట మార్చి, ఎలక్ట్రానంత బరువే ఉన్న కొత్త కణం ఉందన్నాడు. 1932లో కార్ల్ ఆండర్సన్‌కు ఆ కణం, పాజిట్రాన్, దొరికింది.

ఒకే సొరంగం, ఇద్దరు అద్దెదార్లు

జెనీవా దగ్గర నేల కింద 27 కిలోమీటర్ల గుండ్రటి సొరంగంలో 1989 నుంచి 2000 దాకా ఎలక్ట్రాన్లు, పాజిట్రాన్లు తిరిగాయి. తేలిక కణాన్ని మలుపు తిప్పితే వెలుగు రూపంలో శక్తి కక్కేస్తుంది. చివరి రోజుల్లో ప్రతి చుట్టుకూ ఒక్కో ఎలక్ట్రాన్ సుమారు మూడు ప్రోటాన్ల బరువుకు సమానమైన శక్తి పోగొట్టుకునేది. ఇక పెంచడం గిట్టుబాటు కాలేదు. దాన్ని ఖాళీ చేయించి ప్రోటాన్లను దించారు, 2012లో హిగ్స్ కణం దొరికింది వాటి ఢీకొట్టుళ్లలోనే. ఎలక్ట్రాన్ల రోజుల్లో చంద్రుడి ఆకర్షణకు నేల సాగి ఆ సొరంగం చుట్టుకొలత మిల్లీమీటరు మేర మారితే, ఆ తేడా కూడా లెక్కల్లో పట్టుబడింది.

ప్రోటాన్ల బరువు వైద్యానికీ పనికొస్తుంది. ఒంట్లోకి పంపితే అవి దారిలో తక్కువ శక్తి వదిలి, ఆగబోయే చోట ఎక్కువ భాగం వదిలేస్తాయి. కణితి ఎంత లోతులో ఉందో చూసి అక్కడే ఆగేలా వేగం అమర్చవచ్చు. చెన్నైలో 2019 నుంచి ఈ చికిత్స ఉంది.

చావు కోసం కాపలా

ఎలక్ట్రాన్ చావదు. ఆవేశమున్న కణాల్లో అదే అతి తేలిక, విరిగితే మారడానికి ఇంకా తేలికైనది లేదు. ప్రోటాన్ సంగతి అంత ఖాయం కాదు. ఎప్పటికైనా విరిగిపోతుందని కొన్ని సిద్ధాంతాలు చెప్పాయి. ఒక్కదాన్నే పట్టుకుని కూర్చుంటే విశ్వం వయసు చాలదు, అందుకని లెక్కలేనన్నిటిని ఒకచోట పోగేసి వాటిలో ఏదో ఒకటి రాలుతుందేమోనని చూడాలి.

ఆ కాపలా తొలిసారి పెట్టిన చోట్లలో ఒకటి మన పొరుగునే ఉంది. చిత్తూరు సరిహద్దు దాటితే తెలుగు ధారాళంగా వినిపించే కోలార్ బంగారు గనులు. అక్కడ నేలకు 2.3 కిలోమీటర్ల లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్ వాళ్లతో కలిసి 140 టన్నుల ఇనప పలకల మధ్య గొట్టాలు పేర్చి 1980లో ఎదురుచూడడం మొదలుపెట్టారు. పైనుంచి వచ్చే విశ్వకిరణాలను అంత మందపు రాయి వడపోస్తుంది. బంగారం తవ్వే గోతిలో ప్రోటాన్ చావు కోసం మనుషులు కూర్చోవడం ఎంత వింత! కొన్ని అనుమానపు గుర్తులు కనబడ్డాయని ప్రకటించారు గానీ, వేరేచోట్ల అవి నిలబడలేదు.

జపాన్‌లో కమియోకా గనిలో పెట్టిన నీళ్ల ట్యాంకుదీ అదే ఆశ. ప్రోటాన్ చావు కనబడలేదు, 1987లో పేలుతూ కనబడిన ఒక నక్షత్రం నుంచి వచ్చిన న్యూట్రినోలనే కణాలు మాత్రం దొరికాయి, దానికి 2002లో నోబెల్ వచ్చింది. దాని తరవాతి ట్యాంకులో 50,000 టన్నుల నీళ్లు పోసి 1996 నుంచి చూస్తున్నారు. ఇంతవరకూ ఒక్క ప్రోటాన్ కూడా రాలలేదు. సగటు ఆయుష్షు 1 పక్కన 34 సున్నాలు పెట్టినన్ని ఏళ్లకు మించే ఉండాలని దాన్నిబట్టి తేల్చారు. కోలార్ గని 2001లో మూతపడింది. కమియోకాలో ఇప్పుడు 2.6 లక్షల టన్నులు పట్టే ఇంకో ట్యాంకు కడుతున్నారు.